వెనక నర్సరీకి వెబ్‌సైటు

వెబ్‌సైటు ఎలా చేయాలి, హోస్టింగ్ ఎక్కడ తీసుకోవాలి, జనం ఎలా వస్తారు అని కుర్రకారు నన్ను అడుగుతూ ఉంటారు. అడిగేటప్పుడు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటారు, నేనేదో మందుల చీటీ రాసిస్తానన్నట్టు. నాకు ఒళ్ళు మండుతుంది. ఈ విద్యలో నాకు తెలిసిందంతా ఒక్క వెబ్‌సైటు నేర్పింది. అది కడియం దగ్గర రత్నమాణిక్యం గారి నర్సరీది. ఆ సంగతి చెప్తాను. పనికొచ్చేది ఏరుకుంటే ఏరుకోండి, లేదంటే మీ ఖర్మ.

అది 2002. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర అప్పాజీ గారి శుభలేఖల షాపులో ఒక మూల నా టేబులు ఉండేది. అప్పాజీ గారు పాతకాలం ప్రెస్సు మనిషి. కంప్యూటర్లు రాగానే ఒకటి కొన్నారు. ఇంటర్నెట్ రాగానే బోర్డు మీద 'ఇచ్చట వెబ్‌సైట్లు కూడా చేయబడును' అని రాయించారు. చేయడానికి నన్ను పెట్టుకున్నారు. నేనేమో కంప్యూటర్ కోర్సు చేసి, హైదరాబాద్ వెళ్ళనని మొండికేసి, ఇంట్లో తిట్లు తింటున్నదాన్ని. ఆ బోర్డు చూసి వెబ్‌సైటు అడిగినవాళ్ళు చాలాకాలం ఒక్కరూ లేరు. పెళ్ళికూతుళ్ళ పేర్ల పక్కన నెమళ్ళు పెడుతూ కాలక్షేపం చేశాను.

రత్నమాణిక్యం గారు విజిటింగ్ కార్డుల కోసం వచ్చారు. నలభై దాటిన మనిషి. జరీ అంచు చీర కట్టుకుని వచ్చినా గోళ్ళలో ఎర్రమట్టి అలాగే ఉంది. కార్డు మీద చిరునామా ఏం వేయాలని అప్పాజీ గారు అడిగారు.

"అదేనండి నా బాధ," అని కుర్చీ లాక్కుని కూర్చున్నారావిడ. "రోడ్డు మీదున్నది మా బావగారి నర్సరీ. దాని వెనకాల మాది. కార్డు మీద ఏం వేస్తే మాత్రం ఏంటండీ? వచ్చినోళ్ళు ముందు బావగారి దగ్గరే కదా దిగుతారు?"

సంగతేమిటంటే, ఆవిడ భర్త చినబాబు గారు, బావగారు చంద్రరావు గారు భూమి పంచుకున్నప్పుడు హైవే పక్కది అన్నగారికి, వెనకది తమ్ముడికి వచ్చింది. అన్నగారి స్థలం పక్కగా వెనక్కి బండి పట్టే దారి ఒకటి వదిలారు. ఆ దారి మొదట్లోనే చంద్రరావు గారు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మంచి మనిషి. అక్కడే వచ్చింది చిక్కు. లారీ ఆగితే ఎదురెళ్ళి, "రండి రండి, ఎండనపడి వచ్చేరు" అని కూర్చోబెడతారు. రత్నమాణిక్యం గారి నర్సరీ ఎక్కడని అడిగితే, "ఆయ్, ఇదేనండి, అంతా ఒక్కటే కుటుంబం అండి" అంటారు. అది అబద్ధం కాదు కదా. తన దగ్గర లేని మొక్కలు వెనక నుంచి తెప్పించి, తనకు తోచిన ధర తమ్ముడి చేతిలో పెడతారు. అబద్ధమాడేవాడితో పోట్లాడొచ్చు. ఇంత మర్యాదస్తుడితో ఎవరు పోట్లాడతారు?

"దీపావళికి రెండు నర్సరీలూ కలిపేద్దాం అంటన్నారండి బావగారు," అన్నారు రత్నమాణిక్యం గారు. "మా వారు సగం తలూపేసేరు. ఈలోగా నన్నే వెతుక్కుంటూ వచ్చే బేరగాళ్ళు కొందరున్నారని చూపిస్తే, మిగతా సగం ఊపకుండా ఆపొచ్చు. లేకపోతే నేను అంటు కట్టిన మొక్కలకి నేనే కూలిదాన్నయిపోతాను."

"అది మీరే వెళ్ళి బావగారితో చెప్పొచ్చు కదండీ?" అన్నాను నేను.

గోదావరికి అడ్డం పడి ఈదమన్నట్టు చూశారావిడ. "బావగారితో నేను మాట్లాడనమ్మా."

"గొడవా?"

"గొడవేంటి? బావగారు కదా!"

కాపరానికి వచ్చింది మొదలు ఆయన ఎదుటపడి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదట. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారితో మాట్లాడే ఆచారం లేదు. అత్యవసరమైతే దూడతో చెప్పాలి. "ఏమే బుజ్జీ, బావగారికి భోజనం వడ్డించేనని చెప్పవే" అనాలి. ఆయన కూడా, "చూడు బుజ్జీ, ఇప్పుడే ఆకలి లేదని చెప్పు" అనేవారు. దూడ పెద్దదైతే ఇంకో దూడ. అలా ఎన్నో తరాల పశువులు ఆ ఇంటి వర్తమానాలు మోశాయి.

నేను ఉత్సాహంగా మా బోర్డు చూపించి వెబ్‌సైటు సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు. "దీనికి రోడ్డుంటదా అమ్మా?"

"ఇంటర్నెట్‌లో ముందు, వెనక అని ఉండవండి. అందరిదీ రోడ్డు పక్క స్థలమే," అన్నాను. ఆ మాటకి ఆవిడ కళ్ళు ఎంత వెలిగాయంటే, విజిటింగ్ కార్డుల సంగతే మర్చిపోయారు.

డిజైను అప్పాజీ గారు చేశారు. నేను చేస్తానంటే, "నువ్వు చిన్నపిల్లవి, శుభకార్యం" అన్నారు. పైన శ్రీరస్తు, శుభమస్తు. రెండు పక్కలా అరటిచెట్లు. ఆ కొసా ఈ కొసా మిణుకుమిణుకుమనే దీపాలు. పేజీ తెరవగానే సన్నాయి. కింద 'తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా మొక్కలను స్వీకరింప ప్రార్థన'. తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలో కనపడవు కాబట్టి మొత్తం పేజీని ఒకే పెద్ద బొమ్మగా చేసి పెట్టారు. కింద ఇంగ్లీషులో మొక్కల పేర్లూ ఆ బొమ్మలోనే.

రత్నమాణిక్యం గారు ఫోటోలు తెచ్చారు. మొక్కలవి నాలుగు. మామగారిది, అత్తగారిది, ఆపైన చంద్రరావు గారిది ఒకటి, కోటు వేసుకుని.

"బావగారి ఫోటో ఎందుకండీ? ఆయన్ని తప్పించుకోవడానికే కదా ఇదంతా!" అన్నాను.

"ఇంటికి పెద్దాయన ఫోటో లేకపోతే ఏం బావుంటదమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారావిడ. ఆయన ఫోటోనే అన్నిటికంటే పెద్దది వేయించారు కూడా. నేను పళ్ళు నూరుకుంటూ వేశాను.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోను తీగ మీద నడిచేది. మా పేజీ తెరవమని చెప్పి, వెళ్ళి కాఫీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే, మామగారి నుదుటి దాకా వచ్చేది. ఇంకో కాఫీకి మీసాలు. మొక్కలు రావాలంటే భోజనానికి వెళ్ళి రావాలి. బొమ్మ సైజు తగ్గిద్దామంటే, "ఫోటో చిన్నదైతే మనిషిని చిన్నబుచ్చినట్టు కాదూ?" అన్నారు అప్పాజీ గారు.

హోస్టింగ్ దగ్గర కూడా ఆయన మాటే నెగ్గింది. ఎక్కడో విదేశాల్లో ఒక కంపెనీ ఊరికే చోటిస్తుంటే డబ్బు పోయడం ఎందుకన్నారు. ఊరికే ఇచ్చినందుకు వాళ్ళు మన పేజీ నెత్తిమీద వాళ్ళ ప్రకటన ఒకటి పెడతారు. మాకు పడింది బరువు తగ్గించే మందుది. సన్నటి విదేశీ అమ్మాయి కొలత టేపు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది, దాని కింద మామగారు. అడ్రసు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోనులో చెప్పాలంటే మధ్యలో రెండుసార్లు గుక్క తిప్పుకోవాలి. ఊరికే వచ్చే చోట వెబ్‌సైటు పెట్టడం, చుట్టాలింట్లో పెళ్ళిచూపులు పెట్టుకోవడం ఒకటే. గోడ మీద ఏ పటం ఉండాలో మన చేతిలో ఉండదు.

"ఇంక జనం రావాలండి, అదే కష్టం," అన్నాను ఒకరోజు రత్నమాణిక్యం గారితో.

"పిలిచేవా?" అన్నారావిడ.

"పిలవడమేంటండీ?"

"పిలవని పేరంటానికి ఎవరొస్తారమ్మా?" నా చదువు మీద జాలిపడ్డారు ఆవిడ. మర్నాడే పంచాంగం చూపించి గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి ముహూర్తం పెట్టించారు. అప్పాజీ గారు పరమానందంగా దానికి శుభలేఖలు వేశారు. రత్నమాణిక్యం గారు కుంకుమభరిణె పట్టుకుని ఇల్లిల్లూ బయల్దేరారు. కడియం, వేమగిరి, ధవళేశ్వరం, రాజమండ్రిలో చుట్టాలున్న పేటలన్నీ తిరిగారు. బొట్టుపెట్టి, శుభలేఖ చేతిలో పెట్టి, "మీ పిల్లల్ని నెట్ సెంటర్‌కి పంపండి వదినా. సరిగ్గా ముహూర్తానికే నొక్కాలి. ముందు నొక్కితే వర్జ్యం, తర్వాత నొక్కితే దుర్ముహూర్తం" అని మరీమరీ చెప్పి వచ్చారు.

నేను ఆపలేదు. అంత శ్రద్ధగా పిలిస్తే వద్దని ఎలా అంటాను? పైగా ఆ పిలుపులో తప్పేముందో అప్పటికి నాకూ తెలియదు.

గురువారం షాపులో కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టారు. హారతి ఇచ్చారు. ఇంటికి పెద్ద కాబట్టి ప్రారంభోత్సవం చంద్రరావు గారి చేతనే. అది వేరే చెప్పాలా? ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వచ్చి అందరినీ పేరుపేరునా పలకరించి, మౌసుకి దణ్ణం పెట్టి, ముహూర్తానికి నొక్కారు. చినబాబు గారు చప్పట్లు కొట్టారు.

తెర మీద బరువు తగ్గించే అమ్మాయి వచ్చింది. దాని కింద ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. ఈ సైటుకి ఇచ్చిన పరిమితి దాటిపోయింది, తర్వాత రండి అని.

రాజమండ్రిలో, చుట్టుపక్కల ఊళ్ళలో నెట్ సెంటర్లన్నీ ఆ క్షణాన చంద్రరావు గారి కోటు ఫోటో కోసం ఎగబడ్డాయి. ఊరికే చోటిచ్చేవాళ్ళు గంటకింత అని లెక్కపెట్టి ఇస్తారు. మా పేజీ బరువుకి ముందు నొక్కిన ఏ కొందరికో ఆ లెక్క తీరిపోయింది. మిగతా చుట్టాలందరి మొహం మీదా తలుపు పడింది. ఊళ్ళో ఎవరైనా వెబ్‌సైటు పెడితే పదిమంది చూడటమే గగనం. జనం ఎక్కువై ప్రారంభోత్సవంనాడే మూతపడ్డ సైటు మాదొక్కటే అయి ఉంటుంది.

చంద్రరావు గారు గొంతు సవరించుకున్నారు. రత్నమాణిక్యం గారు బీరువా పక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా రెండడుగులు కూడా లేదు. షాపులో దూడ లేదు కాబట్టి ఆయన నావైపు తిరిగారు.

"అమ్మాయీ, మా మరదలితో చెప్పు. తలుపులు తియ్యకముందే మూసేసేరని రాసుందని."

"అమ్మా, బావగారితో చెప్పు," అన్నారు బీరువా పక్క నుంచి. "జనం పట్టక మూసేరు గానీ, రాక మూయలేదని."

"చెప్పు అమ్మాయీ. నర్సరీ అన్నాక మనిషి కళ్ళారా చూసి కొనాలి గానీ, ఈ పెట్టెలో ఏం కనపడతాది? దీపావళికి కలిపేసుకుంటే ఈ శ్రమంతా ఉండదు కదా అని."

నేను బీరువా వైపు చూస్తే ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటున్నారు. అప్పుడు వచ్చింది నాకు కోపం. చంద్రరావు గారి మీద కాదు, శుభలేఖ మీద. ఆ అరటిచెట్ల మీద, ఆ దీపాల మీద, సన్నాయి మీద.

ఆవిడకి ఆ వారమంతా చుట్టాలకి సర్దిచెప్పుకోవడంతోనే సరిపోయింది. "పిలిచి తలుపేసుకుంటావా వదినా?" అని అలిగినవాళ్ళందరికీ లడ్డూలు పంపాల్సి వచ్చింది. నేను ఈలోగా అప్పాజీ గారిని మూల కూర్చోబెట్టి ఆయన వయసు చూడకుండా దులిపేశాను. ఆయన పాపం సిగ్గుపడి, డబ్బిచ్చి తీసుకునే చోటుకి ఒప్పుకున్నారు. పేరు కూడా ఒక్క ముక్కలో, ఫోనులో చెబితే అవతలివాళ్ళు తప్పులేకుండా రాసుకునేది తీసుకున్నాను. పేజీ మళ్ళీ మొదటి నుంచి చేశాను. తెల్లటి పేజీ, నల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ప్రతి మొక్కకీ గోరంత బొమ్మ, కావాలని నొక్కితేనే పెద్దది. సన్నాయి పీకేశాను. పెద్దల ఫోటోలకి వేరే గది కట్టి అందులో కూర్చోబెట్టాను. రత్నమాణిక్యం గారు నొచ్చుకుంటే, "పెద్దవాళ్ళని గుమ్మంలో నిలబెడతామా అండీ, లోపల కూర్చోబెట్టాలి కానీ" అన్నాను. ఒప్పుకున్నారు. మనవాళ్ళకి డిజైను నేర్పాలంటే మర్యాద వైపు నుంచి రావాలి.

ఇప్పుడు పేజీ గబుక్కున తెరుచుకుంటోంది. అడుగున వచ్చినవాళ్ళ లెక్క చెప్పే కౌంటరు రోజూ తిరుగుతోంది. నేను మురిసిపోయాను. ఆవిడా మురిసిపోయారు. కానీ ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ఫోను లేదు. ఆ వచ్చేవాళ్ళెవరా అని ఆరా తీస్తే, చినబాబు గారు. రోజూ సాయంత్రం కడియం నెట్ సెంటర్‌లో కూర్చుని మా పేజీనే మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నారట.

"అంకె ఖాళీగా ఉంటే మీ అత్త బాధపడతాదని," అన్నారాయన నేలచూపులు చూస్తూ. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి. అన్నగారు కలిపేద్దామంటే తలూపుతారు, భార్య వద్దంటే తలూపుతారు. ఆ ప్రేమకి ఏమనాలో తెలియక కౌంటరు తీసేశాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్నే, ఎవరో బయటివాడిలా ఇంటర్నెట్‌లో కడియం నర్సరీ అని వెతికాను. ఎవరెవరివో వచ్చాయి. పేజీల వెంట పేజీలు తిప్పాను. మా రత్నమాణిక్యం గారి జాడ లేదు. చివరికి ఎక్కడో అట్టడుగున దొరికింది. దాని పేరు 'న్యూ పేజ్ వన్' అని ఉంది. పేజీకి పేరు పెట్టకపోతే కంప్యూటర్ తనంతట తాను పెట్టే పేరు అది. నేను పెట్టడం మర్చిపోయాను. ప్రపంచానికి రత్నమాణిక్యం గారి నర్సరీ పేరు న్యూ పేజ్ వన్. ఇంటర్నెట్‌లో వెనక స్థలాలు ఉండవని ఆవిడకి బల్లగుద్ది చెప్పినదాన్ని నేనే. ఉంటాయి. అక్కడ చంద్రరావు గార్లు వేలమంది కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంటారు.

ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుస్తారేమో అనుకున్నాను. "అయితే ముందుకి జరగాలంటే ఏం చెయ్యాలమ్మా?" అన్నారు అంతే.

ఇద్దరం కూర్చున్నాం. మొక్క కావలసినవాడు ఏమని అడుగుతాడో అదే పేజీ మీద అక్షరాల్లో ఉండాలి. లారీవాళ్ళు మల్లెని మోగ్రా అంటారు, సంపెంగని చంపా అంటారు. అవన్నీ ఆవిడ చెబితే నేను రాశాను. ప్రతి మొక్కకీ ఒక పేజీ, ప్రతి పేజీకి దాని సొంత పేరు. ఎంత ఎత్తుంది, కవరులో ఎన్నాళ్ళుంటుంది, దూరప్రయాణం తట్టుకుంటుందా లేదా. తోటల గురించి దేశం నలుమూలల జనం ప్రశ్నలు వేసుకునే సైటు ఒకటి దొరికింది. పుణెలో ఒకావిడ, మా మందారం ఆకులు ముడుచుకుపోయి తెల్లగా బూజుపట్టినట్టు ఉన్నాయి, ఏం చేయాలి అని అడిగింది.

"పిండినల్లి," అన్నారు రత్నమాణిక్యం గారు. "వేపనూనె కలిపిన సబ్బునీళ్ళు కొట్టమను. అయ్యో, అలా మొదలెట్టేస్తావేంటమ్మా? ముందు ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడుగు."

"ఇది జవాబు రాసే చోటండీ, పలకరింపులు కాదు."

"పలకరించకుండా మందు చెబితే పనిచేస్తదా?"

రాశాను. మొదట కులాసా, తర్వాత వేపనూనె, అడుగున మా సైటు పేరు. ఆ పుణె ఆవిడ, వాళ్ళింట్లో అందరి ఆరోగ్యాలూ వివరంగా రాస్తూ నాలుగు రోజుల్లో జవాబిచ్చింది, మందారం బాగుపడిందని కూడా చివర్న ఒక మాట. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎవరేం అడిగినా వచ్చిన రోజునే జవాబు రాయించేవారు ఆవిడ. నేను విసుక్కునేదాన్ని. ఆవిడ విసుక్కునేవారు కాదు. మెల్లమెల్లగా మా పేజీ అడుగు నుంచి పైకి జరగడం మొదలుపెట్టింది.

కానీ మా పేజీ జరిగినంత మెల్లగా దీపావళి జరగదు. చంద్రరావు గారు రెండు నర్సరీల మధ్య కంచె ఎప్పుడు పీకించాలో కూలీలతో మాట్లాడేశారు. కొత్త బోర్డు కూడా చెప్పారట, ఆయన ఒక్కరి పేరుతో. చినబాబు గారి తల ఇంకాస్త ఊగింది.

అలాంటప్పుడు నాగపూర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. దేశ్‌పాండే గారట. కొత్తగా కడుతున్న కాలనీలో రోడ్ల పక్కన, పార్కుల్లో వేయడానికి లారీల లెక్కన మొక్కలు కావాలి. మీ జవాబులు చదివాను, మీ దగ్గరే తీసుకుంటాను, ఆదివారం కారులో వస్తున్నాను అని రాశారు. రత్నమాణిక్యం గారికి చదివి వినిపిస్తే, "మళ్ళీ చదువమ్మా" అన్నారు. మీ దగ్గరే అన్న ముక్క ఇంగ్లీషులో ఎలా ఉందో అడిగి, అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నారు.

ఆదివారం నేనూ కడియం వెళ్ళాను, హిందీ, ఇంగ్లీషు మాట్లాడటానికి. ఆవిడ తెల్లారకముందే లేచి పులిహోర కలిపారు. దారి పొడవునా ముగ్గు వేశారు. ఎలా రావాలో దేశ్‌పాండే గారికి నేను వివరంగా రాశాను, పక్కదారిన లోపలికి రండి అని. పది దాటింది. పదకొండు దాటింది. ఆయన రాలేదు. చినబాబు గారిని చూసి రమ్మని పంపాం.

వెళ్ళినాయన వెళ్ళినట్టే తిరిగొచ్చి, ఒక గులాబీ మొక్క కవరు సర్దుతూ నిలబడ్డారు.

"ఏమైందండీ?" అన్నారు రత్నమాణిక్యం గారు.

"వచ్చేరు. ఎప్పుడో వచ్చేరంట. అన్నయ్య దగ్గర కూర్చున్నారు. కొబ్బరినీళ్ళు తాగుతున్నారు."

"మరి తీసుకురాలేదేంటి?"

"అన్నయ్య మాట్లాడుతుంటే మధ్యలో ఎలాగ?"

రత్నమాణిక్యం గారు లేచారు. చెయ్యి కడుక్కుని, కొంగు దోపుకుని, దారెంట నడిచారు. వెనకాల నేను. నా వెనకాల ఆ గులాబీ కవరు పట్టుకునే చినబాబు గారు.

రోడ్డు దగ్గర గ్రీన్ నెట్ నీడలో చంద్రరావు గారు, ఎదురుగా బొండాం పట్టుకుని కళ్ళజోడు పెద్దాయన. ఆయన ఒళ్ళో మా పేజీ కాగితాల మీద అచ్చువేసి ఉంది. చంద్రరావు గారు వచ్చీరాని హిందీలో, "ఏక్ హీ ఫ్యామిలీ సార్, సబ్ హమారా హీ హై" అంటున్నారు, అంతా మాదే అని. దేశ్‌పాండే గారు కాగితాలకేసి, మొక్కలకేసి అయోమయంగా చూస్తున్నారు.

క్రోటన్ మొక్కల వరస దగ్గరికి రాగానే రత్నమాణిక్యం గారి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఆవిడ ఆగేది అక్కడే. నావైపు తిరిగి, "అమ్మా, బావగారితో చెప్పు..." అన్నారు.

నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నిజానికి చాలా సిద్ధంగా ఉన్నాను. ఏమేం అనాలో దారి పొడవునా నూరుకుంటూ వచ్చాను.

"ఉండు," అన్నారావిడ నా చెయ్యి పట్టుకుని. "నువ్వు చెప్తే నీ మాటవుద్ది."

క్రోటన్లు దాటి ముందుకి వెళ్ళారు.

"బావగారూ."

చంద్రరావు గారు పిలిచింది ఎవరా అని ముందు రోడ్డుకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు. ఆ గొంతు తనని ఎప్పుడూ పిలిచి ఎరగదు కాబట్టి ఎటు తిరగాలో ఆయనకి తెలియలేదు.

"ఈయన నాగపూర్ నుంచి నా కోసం వచ్చేరండి," అన్నారు రత్నమాణిక్యం గారు. "నా మొక్కలు చూసి, నా పేరు అడుక్కుంటూ వచ్చేరు. ఎండలో వచ్చినోరిని కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చేరు, చాలా సంతోషం. ఇంక మా నర్సరీకి పంపించండి. కంచె అక్కడే ఉంటదండి. దీపావళికి కూడా."

చంద్రరావు గారు లేచి నిలబడ్డారు. భుజం మీది కండువా జారి కింద పడింది. జవాబు చెప్పడానికి అలవాటు కొద్దీ చుట్టూ వెతికారు. దూడ లేదు. నేను కావాలని ఆకాశంలోకి చూశాను. చినబాబు గారు ఉన్నారు కానీ, ఆయన మొట్టమొదటిసారి తల ఎటూ ఊపకుండా భార్య పక్కన వచ్చి నిలబడ్డారు.

"అలాగేనమ్మా," అన్నారు చంద్రరావు గారు ఆఖరికి, సూటిగా ఆవిడతోనే. తర్వాత మర్యాద తప్పకుండా దేశ్‌పాండే గారి వైపు తిరిగి, పక్కదారి చూపించి, "వో నర్సరీ అలగ్ హై సార్" అన్నారు, ఆ నర్సరీ వేరే అని. నాకు ఆ క్షణాన ఆయన మీద కూడా కాస్త ఇష్టం కలిగింది.

దేశ్‌పాండే గారు కాగితాలు తిరగేసి, ఆవిడకి నమస్కారం పెట్టి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని హిందీలో అడిగారు. మా జవాబులన్నీ అలాగే మొదలయ్యేవి కదా, ఇక్కడి పద్ధతే అది అనుకున్నారు కాబోలు. నేను తెలుగులో చెప్పేలోపే అర్థమైపోయి, ఆవిడ తల ఊపారు.

చినబాబు గారు ఆయన్ని ముందు తీసుకెళ్ళారు. వెనక నడుస్తున్న రత్నమాణిక్యం గారు నాలుగడుగులకే ఆగిపోయారు. దారి పక్కన మామిడి అంట్ల దగ్గర చతికిలబడ్డారు. నేను కంగారుగా వంగి, "ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదమ్మా, నోరు పిడచగట్టుకుపోయింది," అన్నారావిడ. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతున్నారు. "ఎలాగూ మాట్లాడేను కదా, నాకూ ఓ బొండాం కొట్టించండి బావగారూ అంటే సరిపోయేది!"